పెద్ద కారుకు పార్కింగ్ ఎక్కువ: బరువు చూడాలా, పొడవు చూడాలా?

సందు_చివర (ప్రశ్న)

హైదరాబాద్‌లో ఒక బజారు వీధికి పార్కింగ్ రుసుము ప్రతిపాదన రాసి కార్పొరేషన్‌కు ఇవ్వాలి. వీధి 400 మీటర్లు, ఒక పక్కనే పార్కింగ్, కాలిబాట వెంబడి బండ్లు వరసగా ఆగుతాయి. వ్యాపారులు అడుగుతున్నది ఒకటే: ఆల్టోకూ ఫార్చ్యూనర్‌కూ ఒకే చీటీ ఎందుకు, పెద్ద బండికి ఎక్కువ పెట్టండి అని.

పారిస్‌లో పెద్ద కార్లకు పార్కింగ్ రుసుము మూడింతలు చేశారని అందరికీ తెలుసు. కానీ అక్కడ "పెద్ద" అని దేన్ని చూసి తేలుస్తున్నారు? ఎవరికి మినహాయింపు? మన ఆర్సీలో ఉన్న వివరాలతో అది ఇక్కడ కుదురుతుందా? మూడింతలు అని రాస్తే ఎవరైనా కోర్టుకు వెళ్తే నిలుస్తుందా? లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి. "పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ పెంచాలి" అనే జవాబు నాకూ తెలుసు, దయచేసి అది వద్దు.

---

సేన్_ఒడ్డు

పారిస్ సంగతి నేను చెప్తాను. సగం వార్తలు తప్పుగా రాశాయి.

2024 ఫిబ్రవరి 4న ఓటింగ్ పెట్టారు. 54.55 శాతం అవునన్నారు. ఓటేసినవాళ్లు మాత్రం ఆరు శాతం కూడా లేరు. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమలు. బ్యాలట్ మీద ఎస్‌యూవీ అనే మాటే లేదు. "బరువైన, చోటు ఎక్కువ తినే, కాలుష్యం చేసే" సొంత కార్లకు వేరే రుసుము ఉండాలా అని అడిగారు. విశేషణాలు మూడు వాడారు కానీ చివరికి కొలిచేది ఒక్క బరువునే. పెట్రోలు, డీజిల్, ప్లగిన్ హైబ్రిడ్ (ప్లగ్గు పెట్టి చార్జ్ చేసే పెట్రోలు బండి) అయితే 1.6 టన్నులు, పూర్తి ఎలక్ట్రిక్ అయితే 2 టన్నులు. అది తాకితే భారీ బండి కిందే లెక్క. ఎస్‌యూవీ అంటే ఏమిటో చట్టంలో రాయబోతే ప్రతి కంపెనీ తన బండి క్రాసోవర్ అంటుంది. కాగితం మీద ఉన్న కిలోలతో ఆ పేచీ ఉండదు.

రేటు ఇలా ఉంది: నగరం నడిబొడ్డున ఉన్న 1 నుంచి 11 వార్డుల్లో గంటకు 18 యూరోలు, మామూలు కారుకు 6. బయటి వైపు 12 నుంచి 20 వార్డుల్లో 12, మామూలుకు 4. ఇక్కడివరకూ అందరికీ తెలుసు. అసలు దెబ్బ గంట రేటులో లేదు, మెట్లలో ఉంది. నడిబొడ్డున ఆరు గంటలు ఆపితే 225 యూరోలు. 18ని ఆరుతో గుణిస్తే 108 రావాలి కదా, రాదు. సేపు పెరిగేకొద్దీ గంట రేటే పెరిగిపోతుంది. చీటీ తీసుకోకుండా దొరికితే కట్టేది కూడా అదే 225. 2018 నుంచి ఫ్రాన్స్‌లో పార్కింగ్ ఎగ్గొట్టడం క్రిమినల్ తప్పు కాదు. దాన్ని నగరమే నిర్ణయించే బకాయిగా మార్చారు, అందుకే ఇది సాధ్యమైంది.

మినహాయింపులు చూడండి. సొంత పేటలో పర్మిట్ ఉన్న నివాసులు, పని మీద వచ్చే చేతివృత్తులవాళ్లు, ఇళ్లకు వెళ్లే వైద్య సిబ్బంది, తమ స్టాండులో ఆగిన టాక్సీలు, దివ్యాంగులు వీళ్లెవరికీ ఈ రేటు లేదు. పైగా ఇది రోడ్డు మీద ఆపితేనే, భూగర్భ ప్రైవేటు పార్కింగులకు వర్తించదు. అంటే దెబ్బంతా బయటినుంచి వచ్చే భారీ కారు మీదే. ఓటేసినవాళ్లు పారిస్ వాళ్లు, కట్టేవాళ్లలో ఎక్కువమంది పారిస్‌లో ఓటు లేనివాళ్లు! మీ వీధి నివాసులకు మినహాయింపు ఇస్తారో లేదో ముందే తేల్చుకోండి, మిగతా లెక్కంతా దాని మీదే ఆధారపడుతుంది.

ఫ్రాన్స్‌లోనే లియోన్ నగరంలో దీనికి తిరగేసి చేశారు, అక్కడ నివాసుల నెల పర్మిట్‌నే బరువుకు కట్టారు. 2024 వేసవి నుంచి చిన్నవాటికి నెలకు 15 యూరోలు, మధ్యవాటికి 30, బరువైనవాటికి 45. పెట్రోలు, డీజిల్ కార్లకు పై గీత 1525 కిలోలు, ఎలక్ట్రిక్‌కు 2200. వీధిలో రాత్రంతా ఆగి ఉండేది నివాసి బండే కాబట్టి నాకు ఇదే సబబు అనిపిస్తుంది. రాజకీయంగా మాత్రం కష్టం.

---

మీటరు_బద్ద

చోటు లెక్క నేను వేస్తాను. బ్రోషర్ కొలతలు ఇవి: ఆల్టో కె10 పొడవు 3.53 మీ., వెడల్పు 1.49. స్విఫ్ట్ 3.86, 1.735. నెక్సాన్ 3.995, 1.804. క్రెటా 4.33, 1.79. ఫార్చ్యూనర్ 4.795, 1.855. స్కార్పియో-ఎన్ 4.662, 1.917. ఈ వెడల్పులో అద్దాలు కలవలేదు, వాటికి మరో జానెడు వేసుకోండి.

మీ వీధిలో గీతలు లేవు, బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి అనుకుందాం. ముందూ వెనకా కలిపి ఒక మీటరు ఖాళీ వేసుకుంటే 100 మీటర్లలో ఆల్టోలు 22 పడతాయి, స్విఫ్ట్‌లు 20, ఫార్చ్యూనర్లు 17. అంతే తేడా. "ఒక పెద్ద బండి రెండు చిన్న బండ్ల చోటు తింటుంది" అనే మాట ఈ వరసలో నిజం కాదు. నేల వైశాల్యం చూసినా ఆల్టో 5.3 చదరపు మీటర్లు, ఫార్చ్యూనర్ 8.9. అది 1.7 రెట్లు, మూడు రెట్లు కాదు.

దీన్నిబట్టి మీకు రెండు దారులు. చోటుకు అద్దె అంటే 1.7 రెట్లు దాటడానికి మీ దగ్గర లెక్క లేదు. మూడింతలు పెట్టాలంటే అది అద్దె కాదు, రావద్దని చెప్పే ధర. అప్పుడు ప్రతిపాదనలో కారణం కూడా అదే రాయాలి: పాదచారికి తగిలితే ప్రమాదం, పొగ, ఇరుకు వీధిలో అడ్డం. కారణం ఒకటి, రేటు ఇంకొకటి అయితే మొదటి అభ్యంతరానికే పడిపోతుంది.

"బరువు వల్ల రోడ్డు పాడవుతుంది" అని మాత్రం రాయకండి. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం పదహారు రెట్లు అనే నాలుగో ఘాతం సూత్రం అందరూ ఉటంకిస్తారు. సూత్రం పనికొచ్చేదే. కానీ అదే సూత్రంతో ఒక సిటీ బస్సు ఇరుసు ముందు పెడితే ఆల్టో, ఫార్చ్యూనర్ రెండూ లెక్కలోకే రావు. ఆ వాదన తెస్తే మొదట ఇరుక్కునేది బస్సూ చెత్త లారీనే.

గీతలు గీసే ఆలోచన ఉంటే కథ మారుతుంది. మన దగ్గర ప్రామాణిక కారు గడి 2.5 మీటర్లు బై 5. గడి గీశాక ఆల్టో అయినా ఫార్చ్యూనర్ అయినా ఒక గడే, చిన్న బండి మిగిల్చిన చోటు ఎవరికీ పనికిరాదు. చిన్నవాటికి తక్కువ అనాలంటే కొన్ని గడులు 4.2 మీటర్లకే గీసి వాటికి తక్కువ రేటు పెట్టండి. అప్పుడు కొలిచేది మనిషి కాదు, గీత. బండి ముక్కు గీత దాటితే పెద్ద రేటు.

పక్కపక్కన నిలిపే చోట వెడల్పే అసలు సమస్య. 2.5 మీటర్ల గడుల్లో రెండు స్కార్పియో-ఎన్‌లు పక్కపక్కన ఆగితే మధ్య మిగిలేది 58 సెంటీమీటర్లు, అద్దాలు పోతే ఇంకా తక్కువ. తలుపు సగమే తెరుచుకుంటుంది. డ్రైవరు కడుపు లోపలికి పీల్చుకుని, ఒక కాలు బయటపెట్టి, పక్క బండి తలుపు అంచుకు చొక్కా తుడుస్తూ దిగాలి. అదే రెండు ఆల్టోల మధ్య మీటరు పైనే ఉంటుంది. అందుకే పెద్ద బండివాళ్లు కావాలనే గీత మీద ఆపుతారు, ఒక గడి చెడుతుంది. "రెండు బండ్ల చోటు" అనే మాట పుట్టింది ఇక్కడే.

ఇంకొకటి, ఎవరూ అడగనిది. టూవీలర్‌కు రెండు చదరపు మీటర్లు చాలు, కారు గడి పన్నెండున్నర. బైక్‌కు 10, కారుకు 30 వసూలు చేస్తే చదరపు మీటరుకు బైక్‌వాడు 5 రూపాయలు కడుతున్నాడు, కారువాడు 2 రూపాయల 40 పైసలు. ఆల్టో, ఫార్చ్యూనర్ పంచాయితీ కంటే ఇది పెద్ద అన్యాయం. ప్రతిపాదనలో మొదటి పేరా ఇదే పెట్టండి.

---

నెకర్_గట్టు

కోర్టు గురించి అడిగారు కాబట్టి జర్మనీ కేసు చెప్పాలి.

అక్కడ నివాసుల పార్కింగ్ పర్మిట్‌కు ఏడాదికి 30.70 యూరోలు మించకూడదని కేంద్రం పెట్టిన పరిమితి ఉండేది. 2020లో దాన్ని ఎత్తేశారు. ట్యూబింగెన్ నగరం 2022లో పర్మిట్‌ను 120 చేసి, బరువైన బండికి 180 పెట్టింది. గీత 1800 కిలోలు, ఎలక్ట్రిక్‌కు 2000. ఫ్రైబుర్గ్ నగరం పొడవు పట్టుకుంది: 4.20 మీటర్ల వరకు 240, 4.70 వరకు 360, ఆపైన 480.

ఫ్రైబుర్గ్ నిబంధనను 2023 జూన్ 13న లైప్‌జిగ్‌లోని ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో చూడండి, మీకు పనికొస్తుంది. పొడవు చూడటం తప్పు అనలేదు. పెద్ద బండి ప్రజల చోటు ఎక్కువ వాడుతుంది, దాన్నిబట్టి తేడా పెట్టవచ్చు అంది. తప్పు మెట్ల దగ్గర జరిగింది. 4.20 బండికి 240, ఒక్క సెంటీమీటరు పెరిగితే 360. పొడవులో తేడా ఇంతే, రుసుములో తేడా మాత్రం అంత. రెండోది, తక్కువ ఆదాయం వాళ్లకు ఇచ్చిన రాయితీకి పై చట్టంలో ఆధారం లేదు. మూడోది, ఆ రుసుమును కౌన్సిల్ ఉపచట్టంగా చేసింది, చట్టం ప్రకారం అది వేరే రకం ఉత్తర్వుగా రావాలి.

మీకు కావలసింది మూడో కారణం. రేటు ఎంతన్నది తర్వాత, ముందు ఏ అధికారంతో వేస్తున్నారో రాయండి. మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ బండ్లు ఎక్కడ ఆగవచ్చో నిర్ణయించడానికి. వసూలు చేసే అధికారం మున్సిపల్ చట్టంలోంచి, దాని కింది తీర్మానంలోంచి రావాలి. ఈ రెంటినీ కలిపి ఒకే సర్క్యులర్‌లో "సెక్షన్ 117 ప్రకారం గంటకు ఇంత" అని రాస్తే మొదటి పిటిషన్‌కే దొరికిపోతారు.

మెట్లు ఎక్కువ పెట్టి ఒక్కో మెట్టు ఎత్తు తగ్గించండి. లేదా మెట్లే లేకుండా ప్రతి 100 కిలోలకు ఇంత అని గీత లాగండి. చిల్లర గొడవ వస్తుంది కానీ కోర్టులో బలం అదే.

---

ఆర్సీ_వెనకవైపు

ఇప్పుడు అసలు చిక్కు. మన ఆర్సీలో ఇంజిన్ సీసీ, సీట్లు, వీల్‌బేస్, ఖాళీ బండి బరువు ఉంటాయి. సొంత కారు ఆర్సీ కార్డు మీద మొత్తం పొడవు, వెడల్పు ఉండవు. ఫ్రైబుర్గ్ పద్ధతి కావాలంటే మోడల్‌వారీగా కొలతల పట్టిక మీరే తయారు చేసుకోవాలి, ప్రతి కొత్త మోడల్‌కూ దాన్ని పొడిగించాలి. వీధి చివర నిలబడిన వసూలు కుర్రాడు టేపు పట్టుకుని కొలవడు కదా. కాబట్టి బరువే.

అయితే యూరప్ అంకెలు ఎత్తి మన దగ్గర పెట్టకండి. యూరప్ రిజిస్ట్రేషన్ కాగితంలో "జి" గడిలో ఉండేది నడపడానికి సిద్ధంగా ఉన్న బరువు. అందులో డ్రైవరుకు 75 కిలోలు, ఇంధనం కలిసే ఉంటాయి. మన చట్టం నిర్వచనం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవరు ఉండడు. అక్కడి 1600 ఇక్కడ దాదాపు 1500 దగ్గర పడుతుంది.

ఫాస్టాగ్‌తో చేయొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తున్నా. టోల్‌లో కారు, జీపు, వ్యాను అన్నీ నాలుగో క్లాసే. ట్యాగ్ చెప్పేది ఆ క్లాసు, దానికి ఆల్టో ఒకటే ఫార్చ్యూనర్ ఒకటే. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో 2019 నుంచే ఫాస్టాగ్ వాడుతున్నారు, అక్కడ కారంటే కారే కాబట్టి సరిపోతుంది. మీకు ట్యాగ్‌లోంచి బండి నంబరు తీసుకుని, ఆ నంబరుతో బరువు వేరే చోట వెతకాలి.

ఆ "వేరే చోటు" దగ్గరే ఎక్కువ ప్రతిపాదనలు ఆగిపోతాయి. బండ్ల నమోదు వివరాలుండే కేంద్రం వాహన్ డ్యాష్‌బోర్డులో ఏళ్ల తరబడి తెలంగాణ లెక్కలు కనిపించేవి కావు, ఇక్కడి రవాణా శాఖ సాఫ్ట్‌వేర్ వేరుగా ఉండేది. కాబట్టి రెండు చోట్ల అడగాలి: టీజీ, టీఎస్, పాత ఏపీ నంబర్లకు రాష్ట్ర శాఖ, మిగతా రాష్ట్రాలవాటికీ బీహెచ్ (అన్ని రాష్ట్రాల్లో చెల్లే భారత్ సిరీస్) నంబర్లకూ వాహన్. అడిగేటప్పుడు నంబరుకు బదులుగా బరువు, ఇంధనం, వాహన తరగతి ఈ మూడే ఇవ్వమనండి. ఓనరు పేరు, చిరునామా మీకు అక్కర్లేదు, అడిగితే ఫైలు ఆరు నెలలు పక్కన పడుతుంది.

డేటాలో ఏం తప్పులొస్తాయంటే: పాత పుస్తకాల ఆర్సీలను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు బరువు గడిలో సున్నా వదిలేసినవి ఉంటాయి. కొన్నిట్లో ఖాళీ బరువు చోట మొత్తం లోడు బరువు పడి ఉంటుంది, 900 కిలోల కారు 1400 అని కనిపిస్తుంది. బరువు 500 కంటే తక్కువ, లేదా ఆ మోడల్ మామూలు బరువుకు 25 శాతం మించి తేడా ఉంటే దాన్ని నమ్మకుండా తక్కువ రేటులో వేయాలి. ఎక్కువ వేసి తర్వాత తిరిగి ఇవ్వడం కంటే తక్కువ వేసి వదిలేయడం చవక. కెమెరాతో నంబరు చదివించాలంటే ఇంకో సమస్య: 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు ఉంది, అది బాగానే చదువుతుంది. అంతకుముందువాటిలో దేవుడి పేరు, పార్టీ గుర్తు, వంకర అంకెలు. వాటికి చేత్తో కొట్టాల్సిందే.

వసూలు కుర్రాడి చేతికి పెద్దా చిన్నా నిర్ణయం ఇవ్వకండి. కాంట్రాక్టరు ఏడాదికి ఇంత అని ముందే కట్టి వీధి తీసుకుంటే, చిన్నా పెద్దా మధ్యలో ఉన్న ప్రతి బండీ పెద్దదే అవుతుంది. నంబరు కొడితే రేటు మెషీన్ చెప్పాలి, చీటీ మీద బరువు అచ్చు కావాలి. "మీ బండి 1,210 కిలోలు, రేటు 30" అని కనిపిస్తే గొడవ సగం అక్కడే చస్తుంది.

---

సందు_చివర

అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి. ఖాళీ బరువు 1000 కిలోల లోపు గంటకు 20, 1000 నుంచి 1500 వరకు 30, ఆపైన 60. నాలుగు మీటర్ల లోపు బండ్లన్నీ చిన్నవాటి కింద పెడదామని సంఘంలో ఒకరు అంటున్నారు, జీఎస్టీలో అలాగే ఉంది కదా అని.

---

మీటరు_బద్ద

నాలుగు మీటర్ల గీత వద్దు. అది 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ తగ్గించినప్పటి నుంచి ఉంది. దాని ఫలితం రోడ్డు మీదే కనిపిస్తుంది: 2012లో డిజైర్ డిక్కీ కోసి 3.995కి తెచ్చారు. నెక్సాన్ 3.995. బొలెరో 3.995. పొడవు ఆపితే బండి వెడల్పుకీ ఎత్తుకీ పెరుగుతుంది. మూడు తలుపుల థార్ 3.985 మీటర్లే, బరువు టన్నున్నర పైమాట. దాన్ని చిన్న కారు కింద పెడితే మీ వీధిలో మొదట నవ్వేది థార్ ఓనరే.

మీ గీతల్లో తప్పు 30 నుంచి 60కి దూకడం. నెకర్_గట్టు గారు చెప్పిన ఫ్రైబుర్గ్ తప్పు అదే. 20, 25, 30, 40 అని నాలుగు మెట్లు చేయండి, గీతలు 1000, 1300, 1600. పై రేటు కింది రేటుకు రెండింతలే అవుతుంది. అందులో 1.7 రెట్లు చోటు కిందికి, మిగతాది భద్రత కిందికి సమర్థించుకోవచ్చు.

ఎలక్ట్రిక్‌కు వేరే గీత పెట్టడం మర్చిపోయారు. టియాగో పెట్రోలుదీ ఈవీదీ పొడవు దాదాపు ఒకటే, 3.77 దగ్గర. పెట్రోలుది టన్ను లోపు, బ్యాటరీ వల్ల ఈవీ టన్ను దాటుతుంది. ఒకే చోటు తినే రెండు బండ్లలో పొగ లేనిదానికి ఎక్కువ వేసినట్లు అవుతుంది. ఈవీలకు ప్రతి గీతా 300 కిలోలు పైకి జరపండి. అంతకంటే ఎక్కువ జరిపితే భారీ ఈవీలు తక్కువ రేటుతో జారిపోతాయి.

---

ఆర్సీ_వెనకవైపు

మినహాయింపుల జాబితా కూడా చేర్చండి. ఆర్సీలో దివ్యాంగుల వాహనంగా నమోదైనవాటికి, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు చూపినవాళ్లకు బరువు రేటు ఉండకూడదు, వాళ్ల బండి మార్పులతోనే బరువెక్కుతుంది. వాళ్లకు 3.6 మీటర్ల వెడల్పు గడి వేరుగా గీయాలి. పసుపు ప్లేటు ఇన్నోవా ఏడుగురిని దించి వెళ్తుంది, దానికి పది నిమిషాలు ఉచితం ఇస్తే చాలు. సరుకు ఆటోలకు పొద్దున పదిలోపు దించుకునే చోటు కేటాయించండి, అది పార్కింగ్ కాదు.

పక్కనే మాల్ ఉందేమో చూసుకోండి. 2018 మార్చి నాటి 63వ నంబరు జీవో ప్రకారం మాల్స్‌లో మొదటి అరగంట అందరికీ ఉచితం. వీధిలో పెద్ద బండికి రేటు పెంచితే అరగంట పని ఉన్నవాళ్లంతా అక్కడ దూరతారు. మాల్ వాళ్ల అభ్యంతరం మొదటి వారంలోనే వస్తుంది.

---

సందు_చివర

మాల్ రెండు వీధుల అవతల ఉంది, యంత్రంతో పేర్చే పార్కింగ్. పెద్ద బండ్లు అక్కడికి పోతే మాకు మంచిదే కదా?

---

మీటరు_బద్ద

పోవాలంటే పట్టాలి. అలా యంత్రంతో పేర్చే పాత పజిల్ పార్కింగుల్లో చాలా వరసలు సెడాన్ ఎత్తుకే కడతారు, సుమారు 1.55 మీటర్లు. ఫార్చ్యూనర్ ఎత్తు 1.835, అది ఎలాగూ పోదు. కానీ వ్యాగన్-ఆర్ 1.675, అదీ పోదు! పొడవులో చిన్న బండి, ఎత్తులో పెద్దది. మాల్ మేనేజర్‌ను రెండు అంకెలు అడగండి: ఎత్తు పట్టే ప్యాలెట్లు (బండిని మోసే పళ్లేలు) ఎన్ని, ఒక్కో ప్యాలెట్ ఎన్ని కిలోలు మోస్తుంది. రెండో అంకె ప్యాలెట్ పక్కన రేకు మీద రాసి ఉంటుంది. 2000 అని ఉంటే మీ పై మెట్టు బండ్లలో కొన్ని అక్కడ గేటు దగ్గరే వెనక్కి తిరిగి, మళ్లీ మీ వీధికే వస్తాయి.